మాయాచిత్రములు - మన పిల్లలు



మాయలు, మంత్రములు, మరుగుజ్జు దేవతలు గల చలనచిత్రమునకు పిల్లలను తీసికొనిపోవచ్చునా అను ప్రశ్న మన ఇండ్లలో చిరకాలముగా నున్నదే. అట్టి చిత్రము చూచి ఏలూరు వీథులలో ఇంటిదారి పట్టిన కుటుంబమును తలచుకొనుడు. తాతగారు, “ఇవి సోమరితనము నేర్పు కథలు” అందురు. తల్లి, “పిల్లవాడు రాత్రి జడిసికొనును” అనును. పిల్లవాడు మాత్రము, “రేపు మరల చూతము” అనును. ఈ మూడు అభిప్రాయములను గూర్చి నేడు కొంత విచారింతము.

ఇందులకు రెండు చిత్రములను గైకొందము. ఒకటి మనది: 1951లో విజయా వారు నిర్మింపగా కె.వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన ‘పాతాళభైరవి’. రెండవది ఐర్లండు దేశపు కథ: 1959లో వాల్ట్ డిస్నీ సంస్థ తీసిన ‘డార్బీ ఓగిల్ అండ్ ది లిటిల్ పీపుల్’.

ఐర్లండు పల్లెవాసుల కథలలో లెప్రకానులను మరుగుజ్జువారు కలరు. వారు బంగారము దాచుకొందురు. చిక్కించుకొన్నవాని కోరికలు తీర్తురు. డార్బీ యను ముసలివాడు ఒక జమీను కాపరి. వయసు మళ్ళినదని యజమాని ఆ కొలువును పడుచువానికి ఇచ్చును. ఇంట పెండ్లికెదిగిన కూతురు కేటీ. ఇట్టి చిక్కులో నున్న డార్బీ మరుగుజ్జుల రాజైన బ్రయనుకు తెల్లవారు వరకు మద్యము పోసి, ఉపాయముతో పట్టి, మూడు వరములు సంపాదించును.

ఇట్టి కథ మన ప్రాంతమునకు క్రొత్త కాదు. రాత్రివేళ బురదనేలపై మినుకుమను వెలుగును కొరివిదయ్యమని చెప్పుకొను పల్లెలు మనవి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారికి ఫాల్గుణమాసమున తిరునాళ్ళు జరుగును. కొల్లేటి సరస్సు చుట్టుపట్ల గ్రామములవారు తరలిపోవుదురు. అట్టివారు వెండితెరపై దేవతను చూచి, “ఇది కలదా, లేదా” అని వాదింపరు. “ఆమె ఎవరిని కాచినది, ఎందులకు కాచినది” అని అడుగుదురు. మా అభిప్రాయమున, అడుగవలసిన ప్రశ్నయు అదియే.

తాతగారి ఆక్షేపణ చూతము. ‘పాతాళభైరవి’లో తోటరాముడు ఉజ్జయినీ రాజకుమారిని కోరిన తోటవాని కుమారుడు. భైరవి ప్రతిమ చేత చిక్కగానే అతనికి మేడలు, సంపదలు క్షణములో సిద్ధించును. కష్టము లేని భాగ్యము ఇదియే కదా యని తాతగారి మాట. కాని కథ అక్కడ ఆగదు. ఆ ప్రతిమను దొంగిలించి నేపాళ మాంత్రికునకు అందించునది పరాయివాడు కాడు. రాణిగారి తమ్ముడు శూరసేనుడే. ప్రతిమతోపాటు మేడయు, రాజకుమారియు మాయమగుదురు. క్షణములో వచ్చినది క్షణములో పోయినది. పిమ్మట రాముడు ఆమెను తెచ్చుకొన్నది ధైర్యముచేత, యుక్తిచేత, అంజి స్నేహముచేత.

ఆ మాంత్రికుని పాత్ర ధరించిన ఎస్.వి. రంగారావుగారు 1918లో నూజివీడున జన్మించిరి. నూజివీడు నేడు ఏలూరు జిల్లాలోనే యున్నది. శూరసేనుడైన రేలంగి వెంకట్రామయ్యగారు తాడేపల్లిగూడెమున చిత్రమందిరము కట్టించి, ఆ యూరనే 1975లో కన్నుమూసిరి. ఒకరు భయపెట్టిరి, ఒకరు నవ్వించిరి. ఈ రెండును కలిసినందుననే ఇంటిల్లిపాదియు ఆ చిత్రమును చూడగలిగినది.

డార్బీ కథయు ఇట్టిదే. మొదటి వరములు అతని కొలువును నిలుపలేదు, ఇంటిని చక్కదిద్దలేదు. కడకు కూతురు మరణశయ్యపై నుండగా మృత్యుశకటము వచ్చును. “ఆమెకు బదులు నన్ను తీసికొనిపొండు” అను అర్థమున ఆ తండ్రి కడపటి వరము కోరును. బంగారము కోరుట నేర్చినవాడు బిడ్డకై ప్రాణమిచ్చుట నేర్చినాడు. అప్పుడు బ్రయను రాజు ఉపాయముగా అతనిచేత నాలుగవ కోరిక పలికించి, వరములన్నియు రద్దయినవని చెప్పి, అతనిని శకటమునుండి దింపివేయును. దీనిని సోమరితనపు పాఠమనుట న్యాయము కాదు.

ఇక తల్లి మాట. దీనిని మేము త్రోసివేయజాలము. కుటుంబమున చావు రానున్నదని రోదించు బాన్షీ యను ప్రేతము, తలలేని సారథి తోలు శకటము - డార్బీ చిత్రమున ఇవి పసివారికి నిజముగా భయము గొల్పును. మన చిత్రమునందలి బలి ఘట్టమును అట్టిదే. పాలబుగ్గల పిల్లలను ఇట్టి చిత్రములకు తీసికొనిపోకుండుటయే మంచిది. కొంచెము పెద్దవారికి మాత్రము ముందుగా ఇంట కథ చెప్పి, ప్రక్కన కూర్చుండి చూపవలెను. అమ్మమ్మ ఒడిలో విన్న రాక్షసుడు మనలను జడిపించెను గాని చెడగొట్టలేదు. కారణము రాక్షసుడు మంచివాడగుట కాదు, అమ్మమ్మ చేయి వీపుపై నుండుట.

కడపట పిల్లవాడు. “అంత చిన్నవాడు అంత పెద్దవాని యెదుట ఎట్లు నిలిచెను” అని అతడు అడుగును. అడుగనిండు, చెప్పుడు. పెద్దగా కనబడవలసిన నటుని కెమెరాకు దగ్గరగాను, మరుగుజ్జును బహుదూరముగాను నిలిపిరి. ఇద్దరును స్పష్టముగా పడుటకు మిక్కిలి హెచ్చయిన దీపకాంతి వాడిరి. తెరపై దూరము తెలియదు గనుక ఇద్దరును ఎదురెదురుగా నున్నట్లు తోచును. దీనిని మన పెరటిలోనే చూపవచ్చును: తమ్ముని గోడవద్ద నిలిపి, ఒక కంటితో చూచుచు, మీ అరచేయి అతని పాదముల క్రింద పట్టుడు, తమ్ముడు చేతిలో నిలుచును. మాయను చూచి ఆనందించిన బాలుడే మాయ మర్మమును వెదకును. ఆశ్చర్యము విజ్ఞానమునకు శత్రువు కాదు, తొలిమెట్టు.

కావున మాయ యున్నదా లేదా యని చిత్రమును తూచకుడు. చిక్కు విడిపోయినది మంత్రముచేతనా, మనిషి గుణముచేతనా అని తూచుడు. వరమే సర్వము చక్కబెట్టిన కథ పిల్లవానికి ఆశ నేర్పును. వరము చేజారిన పిమ్మట మనిషి నిలిచిన కథ ధైర్యము నేర్పును. చిత్రము చూచివచ్చిన రాత్రి దీపమార్పక ముందు, “రాముని గెలిపించినది ఎవరు?” అని మీ పిల్లలను అడుగుడు. వారి సమాధానమును బట్టి, ఆ చిత్రము మీ ఇంటికి తగినదో కాదో మీకే తెలియును.