పందెమునకు శాసనము



ఇంగ్లండున 1906 నాటి శాసనము వీథిలో గుఱ్ఱపుపందెము కాయు బీదవానిని నేరస్థుని జేసెను. ఇంటనుండి అరువుపై నదే పందెము కాయు ధనికుని జోలికి బోలేదు. ఒకే పనికి రెండు న్యాయములా?

1960 నాటి శాసనము ఈ భేదమును దొలగించెను. 1961 మే 1వ తేదీన పందెపు దుకాణములు తెఱచిరి. మేలే.

కాని ఫలమెవరిది? చిన్న బుకీల దుకాణములు పెక్కు క్రమముగా లాడ్‌బ్రోక్స్, విలియం హిల్ వంటి పెద్ద కంపెనీల వశమయ్యెను. గెలుచువాని పందెమును నిరాకరించు స్వేచ్ఛ కంపెనీకి గలదు. ఓడువాడో, దుకాణములోని యంత్రముపై ఒక్కసారికే 100 పౌన్లు ఒడ్డవచ్చెను. దానిని 2 పౌన్లకు దించుటకు 2019 ఏప్రిలు రావలసివచ్చెను.

పందెము నేరము కాదనుట సగము న్యాయము. ఓడువానిని గాచుట తక్కిన సగము. మొదటి సగముతో తృప్తినొందు ప్రభుత్వము బీదవానిని పోలీసు చేతినుండి తప్పించి అప్పులవాని చేతికప్పగించునని మేము హెచ్చరించుచున్నాము.