పెరటి ముద్దపూలు



కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములకు ఉద్దానమను పేరు ఉద్యానవనమను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఉద్దానమనగానే కొబ్బరి, జీడిమామిడి, పనస తలపునకు వచ్చును. సంతకు పోని పూలమొక్కల మాట ఎవరును ఎత్తరు. టెక్కలి మొదలు ఇచ్ఛాపురము వరకు పాత ఇండ్ల పెరళ్లలో, నూతిగట్టు చెంత, మందారమో నందివర్ధనమో మల్లెపొదయో ఉండును. దానిని ఎవరు నాటిరో పలుమారు ఇంటివారికే తెలియదు. ఈ ప్రసంగము ఆ మొక్కలను గూర్చినది.

ఇంటి ఆడువారు పూలను ఒంటిరెక్క యనియు ముద్ద యనియు విభజింతురు. వృక్షశాస్త్రము చదువకయే చేసిన ఈ విభజన చాల చక్కనిది. ఒంటిరెక్క మందారమునకు అయిదు రెక్కలు, నడుమ పొడవైన కాడ, కాడ చుట్టును పుప్పొడి తిత్తులు, కొనయందు అయిదు చిన్న బొడిపెలు ఉండును. ముద్దమందారమున ఆ కాడ చక్కగా కనబడదు. అది ఏమైనదో తెలియవలెనన్నచో పువ్వును మెల్లగా విప్పి చూడవలెను. లోపలి చిన్న రెక్కలలో కొన్నిటి అంచున పసుపుపచ్చని పుప్పొడి తిత్తి ఇంకను అంటుకొని యుండును. అది సగము కేసరము, సగము రెక్క. కేసరములే రెక్కలుగా మారినవనుటకు అంతకన్న సాక్ష్యము అక్కరలేదు. బడిపిల్లలకు దీనిని చూపుటకు పరికరములు వలదు, గోరు చాలును.

జర్మను కవి గేటే 1790లో ప్రకటించిన గ్రంథమున ఈ మార్పును గుర్తించి, పువ్వు భాగములన్నియు ఒకే మూలరూపమునకు మారువేషములని వాదించెను. రెండు శతాబ్దుల తరువాత, 1991లో, కోయెన్, మయెరోవిట్జ్ అను శాస్త్రజ్ఞులు పువ్వు భాగములను మూడు తెగల జన్యువులు నిర్ణయించునని చూపిరి. అందొక తెగ పని మానినచో కేసరములు రావలసిన చోట రెక్కలు వచ్చును. కవి ఊహ ఇంతదూరము నిలుచుట అరుదు.

నందివర్ధనము ఒంటిరెక్కదైనచో అయిదు రెక్కలును గాలిమరవలె ఒకవైపునకు మెలిదిరిగి యుండును. ముద్దది చిన్న తెల్లగులాబివలె నుండి, రాత్రివేళ పరిమళించును. గన్నేరులో భేదము వాడిన పిమ్మట తెలియును. ఒంటిరెక్కది రాలిపోవును. ముద్దది కొమ్మనే పట్టుకొని గోధుమరంగున ఎండిపోవును గనుక పెరటిని శుభ్రముగా నుంచుకొనువారికి కొంత విసుగు. మల్లెలో బొండుమల్లె గుండ్రని మొగ్గ, రెక్కపై రెక్క, సందెవేళ విచ్చును. ఇట్టి ముద్దమల్లె యొకటి ఇటలీలోని టస్కనీ ప్రభువు పేర నేటికిని ఐరోపా తోటలలో పిలువబడుచున్నది.

ముద్దబంతి వీరి బంధువు కాదు. మనము ఒక పువ్వనుకొనునది అనేక చిన్న పూల గుత్తి. రెక్కయని లాగినదాని మొదట విత్తు కట్టును. అందుచేతనే బంతిపూలను ఎండబెట్టి దాచి మరుసటి ఏడు చల్లుకొందురు. వాటిలో కొన్ని ఒంటిరెక్కలుగా తేలును.

తక్కిన ముద్దపూలకు ఆ భాగ్యము లేదు. కేసరములు రెక్కలైన పువ్వునకు పుప్పొడి కొరత. మన పెరళ్లలో ఒంటిరెక్క మందారమే కాయ కట్టుట అరుదు, ముద్దదాని సంగతి చెప్పనక్కరలేదు. గాలియు పిట్టయు వీటిని మరియొక చోటికి చేర్చలేవు. ఒక చేయి కొమ్మ విరిచి ఈయవలెను, మరియొక చేయి నాటవలెను. అత్తవారింటికి పోవు ఆడపడుచు పుట్టింటి కొమ్మను తడిగుడ్డలో చుట్టి తీసికొనిపోవుట వలననే ఈ రకములు ఊరూరికి ప్రాకినవి. నేడు మన పెరటనున్న ముద్దమందారము, ఏనాడో నాటిన ఒకే మొక్కకు సాగుచున్న శరీరము.

చైనా దేశమున లోయాంగ్ నగరము పియోనీ పూలకు ప్రసిద్ధి. చలికాలపు గట్టి చలి లేనిదే పూయని ఆ మొక్క మన తీరమున బ్రదుకదు. దాని తెల్లని ఒంటిరెక్క బంధువొకటి కాశ్మీరము, ఉత్తరాఖండ కొండలలో కలదు. ఔయాంగ్ షియు అను విద్వాంసుడు 1034 ప్రాంతమున లోయాంగ్ పూలను గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసి, 24 రకములను పేర్కొనెను. వాటిలో మేటివి రెండు, యావ్ వారి పసుపు, వెయ్ వారి ఊదా. రెండును ఆయా కుటుంబముల పేరనే నిలిచినవి. వేయేండ్ల నాటి పెరడు ఎవరిదో ఆ దేశమువారికి తెలియును. మన నూతిగట్టు మందారము ఎవరి ఇంటిదో మనకు తెలియదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన తుపానునకు తిత్లీ యని పేరు. తిత్లీ యనగా హిందీలో సీతాకోకచిలుక! ఆ పేరు పెట్టినవారు ఉద్దానమును చూచి యుండరు. కూలిన కొబ్బరిని, జీడిమామిడిని లెక్క వ్రాసిరి. వాటి క్రింద నలిగిన మల్లెపొదలకు పట్టిక లేదు. బ్రదుకుతెరువునకై వలసపోయిన వారి ఇండ్లకు తాళములు పడినవి, పెరళ్లు ఎండినవి. కడియము నర్సరీల కొత్త మొక్కలు పెద్ద పూలు పూయును, వాటిని తప్పుపట్టవలసిన పని లేదు. అయినను పోయిన పెరటిదానిని అవి తిరిగి తేలేవు.

పని కష్టమైనది కాదు. తొలకరి తరువాత పెన్సిలు లావు ముదురుకొమ్మను జానెడు పొడవున కోసి, ఆకులు దూసి, రెండు కణుపులు మట్టిలో నుండునట్లు నీడలో నాటవలెను. మల్లెకు కొమ్మను వంచి మన్నుకప్పి రాయి పెట్టినచో రెండు మూడు నెలలలో వేళ్లు పట్టును. గన్నేరు పాలు విషము గనుక కోసిన చేతులు కడుగుకొనవలెను.

కొమ్మతోపాటు ఒక వ్రాత కూడ కావలెను. గ్రంథాలయపు బల్లపై ఒక నోటుపుస్తకము ఉంచినచో చాలును. పూవు పేరు, రంగు, రెక్కల లెక్క, విచ్చు వేళ, వాసన, ఇప్పుడు ఎవరి పెరటనున్నది, వారికి ఎవరి ఇంటినుండి వచ్చినది. కడపటి గడి నింపుటకు ఇంటిలోని ముసలమ్మను అడుగవలెను, అదియు ఈ ఏడే.