చర్మపు కేన్సరు - జన్యు చికిత్స
(ఉండి సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయిన నన్ను ఈ దినమున కేన్సరును గూర్చి మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. అయినను ఇది నా యింటి విషయము. మా నాయనగారు జీవితమంతా ఉండి చేలలో వట్టికాళ్లతో పాటుపడిన రైతు. ఆయన అరికాలిలో ఒక నల్లని మచ్చ పుట్టినది. ఆనెకాయ అనుకొని బ్లేడుతో చెక్కించినాము, పసరు కట్టినాము. నొప్పి లేదు గనుక ఏడాది గడిచినది. గజ్జలో బిళ్లలు కట్టిన తరువాత పెద్దాసుపత్రికి తీసికొని వెళ్లితే, అది మెలనోమా అను చర్మపు కేన్సరు అన్నారు. అప్పటికే చేయి దాటిపోయినది. ఆ తప్పు మాదే. అందుచేతనే ఈ జబ్బుకు కొత్త చికిత్స వచ్చినదని ఎక్కడ విన్నను శ్రద్ధగా చదువుచుందును.

చర్మమునకు రంగునిచ్చు కణములు అదుపు తప్పి పెరుగుటయే మెలనోమా. తెల్లవారిలో ఇది ఎక్కువ; వారికి ఎండ ముఖ్య కారణము. మనవారిలో అరుదు. కాని వచ్చినప్పుడు తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోటి క్రింద వచ్చును. అక్కడ ఎవరు చూచుకొందురు?

మన కణములలో ప్రతిదానికి అది చేయవలసిన పని లోపల వ్రాసి యుండును. ఆ వ్రాతలే జన్యువులు. ఆ వ్రాతలో ఒక మాట చేర్చి జబ్బును ఎదిరించుట జన్యు చికిత్స. కణములలో దూరుట వైరస్‌కు తెలిసిన విద్య గనుక, దాని హానిని తగ్గించి దానినే బండిగా వాడుకొందురు.

ఈ పనిలో తొలి అడుగులలో ఒకటి పడినది మెలనోమా రోగులతోనే. 1989 మే నెలలో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో డాక్టర్ స్టీవెన్ రోజెన్‌బర్గ్, ఆయన సహచరులు ఒక రోగి తెల్లకణములలో పరాయి జన్యువును చేర్చి, తిరిగి అతనికి ఎక్కించినారు. ఆ జన్యువు జబ్బు కుదుర్చునది కాదు. ఆ కణములు ఒంటిలో ఎక్కడికి పోవుచున్నవో తెలిపే గుర్తు మాత్రమే. తనకు మేలు కలుగునన్న హామీ లేకుండ ఆ రోగి ఒప్పుకొన్నాడు. పదిహేడేండ్ల తరువాత, 2006లో, మెలనోమాను గుర్తుపట్టే జన్యువును రక్తములోని తెల్లకణములలో చేర్చి 17 మందికి ఎక్కించిన ఫలితములు వెలువడినవి. గడ్డలు కరిగినది ఇద్దరికి.

ఇద్దరేనా అనకండి. మన పొరుగున భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకొనండి. ఆయన నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో తయారైన ఎమినోప్టెరిన్‌ను బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తపు కేన్సరు ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చినాడు. పదిమందికి గుణము కనిపించినది, అదియు కొద్ది నెలలే. ఆ ఫలితములు వెలువడినది 1948లో. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూసినారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో ఉన్నది. ఈనాడు సరియైన వైద్యమందిన పిల్లలలో ఎక్కువమంది ఆ జబ్బునుండి కోలుకొనుచున్నారు.

మెలనోమాకును ఒక మెట్టు ఎక్కినారు. పెదవి మీద పొక్కులు లేపు హెర్పిస్ వైరస్ నుండి రెండు జన్యువులు తీసివేసి, ఒంటి రక్షణశక్తిని పిలిచే మానవ జన్యువు నొకటి చేర్చి, గడ్డలోనికే సూదితో ఎక్కించు మందు అది. పేరు టీ-వెక్. 436 మందిపై జరిగిన పరీక్షలో నూటికి 16 మందికి గడ్డలు బాగుగా తగ్గి ఆరు నెలలు, అంతకు మించియు తిరిగి పెరుగలేదు. పోల్చి చూచుటకు వేరొక మందు ఇచ్చినవారిలో ఇట్టివారు నూటికి ఇద్దరే. 2015 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము దీనికి అనుమతినిచ్చినది. అయితే ఆయుష్షును పెంచునని గట్టిగా రుజువు కాలేదు. లోపలి అవయవములకు ప్రాకిన జబ్బుపై దాని బలము చాలదు.

మనము రైతులము. మార్టేరు పరిశోధన కేంద్రమునుండి 1982లో స్వర్ణ వచ్చినది. అట్టి కొత్త వంగడమేదైనను మొదట కేంద్రపు మళ్లలోను, పిదప కొందరి చేలలో మినికిట్లుగాను పరీక్షకు నిలిచిన తరువాతనే ఊరంతటికి చేరును. మందు కూడ అంతే. కాని చేను పోతే మరుసటి పంట వేయవచ్చును; మనిషి విషయములో అట్లు కాదు. కావున మన దేశములో అట్టి పరీక్షకు నైతిక సంఘపు అనుమతి, ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు, రోగికి అర్థమగు భాషలో వ్రాసిన అంగీకార పత్రము ఉండి తీరవలెను. ఎప్పుడైనను మానుకొను హక్కు రోగికి కలదు. ఇవేవియు చూపక, జన్యు చికిత్సతో తప్పక కుదిర్చెదమని లక్షలు అడుగువారి మాట విని పొలము అమ్ముకొనవద్దు.

ఈ మందులన్నియు ముదిరిన జబ్బుకు. తొలి దశలో కనిపెడితే, మచ్చను చుట్టునున్న చర్మముతో కోసి తీయుటతోనే చాలమందికి నయమగును. పెరుగుచున్న మచ్చ, అంచులు వంకరైన మచ్చ, రంగు మారునది, రక్తము కారునది, మానని పుండు - వీటిలో ఏది కనిపించినను చెక్కవద్దు, కాల్చవద్దు, పసరు కట్టవద్దు. డాక్టరుకు చూపండి.

చేనునుండి, చెరువునుండి వచ్చి కాళ్లు కడుగుకొనునప్పుడు అరికాలు తిప్పి చూచుకొనండి. ముసలివారు వంగి చూచుకొనలేరు. మీ అమ్మగారి, నాయనగారి అరికాళ్లు ఈ రాత్రి మీరే దీపము దగ్గర పట్టి చూడండి. మేము చూడలేదు.