కొత్త మెమరీ కార్డు వేస్తే లైనక్స్ బూట్ అవ్వట్లేదా? కార్డు పారేయకండి!

ఈ ఎపిసోడ్ చింతలపూడిలో మా మామిడి తోట మోటారు షెడ్డు నుంచి చేస్తున్నా. నూజివీడు రసాలు అందరికీ తెలుసు కదా, మావీ చిన్న రసాలే.

డ్రిప్ మోటారుని టైముకి ఆన్, ఆఫ్ చేసేది ఈ రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు. లోపల లైనక్స్. పాత మెమరీ కార్డు చెడిపోకముందే మారుద్దామని, రాత్రి కొత్త కార్డులోకి ఫైళ్లన్నీ కాపీ చేసి, బోర్డులో పెట్టేసి వచ్చేశా. బూట్ అయిందో లేదో చూడలేదు. అదే నా తప్పు.

పొద్దున్నే నాన్న ఫోన్. "ఏరా, మోటారు ఆడలేదేంట్రా? పిందె రాలిపోద్ది!" పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడు తడి తప్పకూడదు. పరిగెత్తుకెళ్లి ముందు పాత కార్డు పెట్టేశా. మోటారు నడిచింది. తర్వాత కొత్త కార్డు ఇంటికి తెచ్చి ఇంకో బోర్డులో చూశా.

మీరైతే ముందు ఆకుపచ్చ లైటు చూడండి. నాలుగుసార్లు మెరిసి ఆగి, మళ్లీ నాలుగుసార్లు మెరుస్తుంటే స్టార్ట్ ఫైలు దొరకలేదని. ఏడుసార్లైతే కెర్నల్ దొరకలేదని. అంటే బూట్ పార్టిషన్ సరిగ్గా కాపీ కాలేదు.

నాది అది కాదు. టీవీకి కలిపితే, రూట్ డివైస్ కోసం వెయిటింగ్ అని చూపించి ఆగిపోయింది. కెర్నల్ లేచింది, సిస్టమ్ ఉన్న పార్టిషనే దొరకట్లేదు. ఎందుకంటే ప్రతి పార్టిషన్‌కీ పార్ట్‌యూయూఐడీ అని ఒక నంబరు ఉంటుంది. కార్డుని కొత్తగా పార్టిషన్ చేస్తే అది మారిపోతుంది. కాపీ చేసిన ఫైళ్లలో మాత్రం పాత నంబరే. ఇల్లు మారి, ఆధార్‌లో పాత అడ్రస్ వదిలేసినట్టు!

కార్డుని లైనక్స్ కంప్యూటర్‌లో పెట్టి, సుడోతో బీఎల్‌కేఐడీ కమాండ్ కొట్టండి. కొత్త నంబర్లు వస్తాయి. రెండు చోట్ల మార్చాలి. ఒకటి, బూట్ పార్టిషన్‌లో సీఎమ్‌డీలైన్ డాట్ టీఎక్స్‌టీ. అందులో అంతా ఒకే లైనులో ఉండాలి, ఎంటర్ కొట్టకండి. రెండోది, రూట్ పార్టిషన్‌లో ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్. నేను మొదటిదే మార్చా, ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయింది. రెండూ మార్చాక చక్కగా బూట్ అయింది.

డీడీ కమాండ్‌తో కార్డు మొత్తం కాపీ చేస్తే నంబరు కూడా అలాగే వచ్చేస్తుంది, ఈ గొడవ ఉండదు. కాకపోతే కొత్త కార్డు సైజు పాతదానికన్నా కొంచెం కూడా తగ్గకూడదు.

చివరిగా ఒక్క మాట. కొత్త కార్డు రెండు మూడుసార్లు రీబూట్ అయ్యేదాకా పాతది ఫార్మాట్ చేయొద్దు. ఆ రోజు మా పిందెని కాపాడింది ఆ పాత కార్డే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!