మా అబ్బాయి పెరట్లో పీచ్ చెట్టు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను తోటపని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా ఫైళ్లు తిరగేసినవాణ్ణి, వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర మా అబ్బాయి పెరట్లో ఉన్న ఒకే ఒక్క పీచ్ చెట్టు నాకు నేర్పినది చెబుతాను. మనలో చాలామంది పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లి, పగలంతా తోచక గడియారం చూస్తూ కూర్చుంటారు కనుక వారికి పనికిరావచ్చు.

పీచ్‌ను హిందీలో ఆడూ అంటారు. మన దేశంలో హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో పండుతుంది. పుట్టిల్లు చైనా అయినా శాస్త్రీయ నామంలో పర్షియా పేరు అంటుకుంది. రికార్డులో ఒకసారి పడ్డ తప్పు దిద్దించడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు! ఈ చెట్టు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోవాలి. 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి, రకాన్ని బట్టి, కొన్ని వందల గంటలు తగిలితేనే సరిగా పూస్తుంది. అందుకే గింజ తెచ్చి గుంటూరులో నాటుదామన్న మా ఆవిడ ముచ్చట తీరలేదు.

2022 మార్చిలో మేము వెళ్లేసరికి చెట్టు నిండా గులాబి రంగు పూలు. ఏప్రిల్‌కల్లా ప్రతి రెమ్మకూ ఉసిరికాయలంత కాయలు గుత్తులుగా వచ్చాయి. "నాన్నా, వీటిలో సగానికి పైగా తుంచెయ్యాలి, అరడుగుకు ఒకటి ఉంచాలి" అన్నాడు అబ్బాయి. నాకు ప్రాణం ఒప్పలేదు. కాసిన కాయను పచ్చిగా నేల రాల్చడమేమిటని గట్టిగా అడ్డుపడ్డాను. పెద్దవాడినని నా మాట మన్నించాడు.

జూన్ ఆఖరులో ఒక రాత్రి పెద్ద చప్పుడయింది. తెల్లవారి చూస్తే బరువుకు ప్రధానమైన కొమ్మ మొదలంటా చీలి నేల మీద పడి ఉంది. మిగిలిన కాయలు నిమ్మకాయంత దగ్గరే ఆగిపోయాయి. పండితే తొక్కా, గింజా తప్ప గుజ్జు లేదు. అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

2024 జనవరిలో మళ్లీ వెళ్లినప్పుడు ఆ చెట్టు పని నేనే అడిగి తీసుకున్నాను. పీచ్ కిందటేడు పెరిగిన రెమ్మల మీదే కాస్తుంది. అందుకని చలికాలంలో ఆ రెమ్మల్లో సగం దాకా తీసేసి, నడుమ ఎండ పడేలా చెట్టును గిన్నెలా విప్పి ఉంచాలి. ఆకుముడత తెగులుకు రాగి మందు మొగ్గ విచ్చకముందే కొట్టాలి. ఆకు ముడుచుకున్నాక కొడితే దండగే. ఏప్రిల్‌లో కాయలు నా చేతులతోనే తుంచాను. రెండు బకెట్లు నిండాయి. మొదటి బకెట్ నిండేదాకా చెయ్యి వణుకుతూనే ఉంది.

జూలైలో కోత. ఎర్రదనం చూసి మోసపోకూడదు, అది ఎండ తగిలిన వైపు ముందే వస్తుంది. ఎరుపు లేనిచోట ఆకుపచ్చ పోయి పసుపు తిరగాలి. వేలితో నొక్కితే కమిలిపోతుంది. అరచేతిలో పట్టుకుని కొద్దిగా మెలితిప్పితే పండు దానంతటదే చేతికి వస్తుంది. రాకపోతే రెండు రోజులు ఆగాలి. పచ్చిగా కోస్తే తర్వాత మెత్తబడుతుందే గాని తీపి పెరగదు. అన్నీ ఒకేసారి కొయ్యకుండా మూడు నాలుగు విడతలుగా కోశాము. ఆ ఏడు ఒక్కొక్కటి పిడికిలి కన్నా పెద్దది. ఒక ముఖ్యమైన సంగతి: గింజ పగలగొడితే బాదంలాంటి పప్పు ఉంటుంది. మనవలను తిననివ్వకండి, అందులోంచి సైనైడ్ విషం పుడుతుంది.

కొమ్మ చీలినచోట మచ్చ ఇంకా ఉంది. మొన్న ఏప్రిల్‌లో కాయలు తుంచే పని మా మనవరాలు చేసిందట. ఫోనులో లెక్క చెప్పింది. ఒక జంటకాయను మాత్రం తుంచబుద్ధి కాక వదిలేశానంది. నేనేమీ అనలేదు.