ఉప్పెనకు లెక్క కట్టిన కథ

(1977 ఉప్పెన మృతుల స్మారకోపన్యాసం, చెరుకుపల్లి)



1977 నవంబర్ 19న ఏం జరిగిందో చెప్పడానికి నాకంటే ఎక్కువ హక్కున్న వాళ్లు ఈ పందిరి కింద ఉన్నారు. నిజాంపట్నం, రేపల్లె వైపు నుంచి వచ్చిన వాళ్లున్నారు. కృష్ణ దాటి దివిసీమ నుంచి వచ్చిన వాళ్లూ ఉన్నారు. అందుకని నేను ఆ రోజు జోలికి ఎక్కువ పోను. తుఫాను ఎటు పోతుందో, సముద్రం ఎంత ఎత్తు లేస్తుందో ముందుగా లెక్క కట్టడం మనిషి ఎట్లా నేర్చాడు, ఎంతవరకు నేర్చాడు అన్నది ఇవాళ్టి నా విషయం. సంక్లిష్ట వ్యవస్థల శాస్త్రం అని ఈ మధ్య తరచు వింటున్నాం. 2021 భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని మనాబే, హాసెల్‌మాన్, పారిసీ అనే ముగ్గురికి ఇచ్చింది ఈ కోవకు చెందిన కృషికే. వారిలో మొదటి ఇద్దరూ వాతావరణాన్ని కంప్యూటర్ మోడళ్లలో పట్టే దారి వేసినవాళ్లు. ఆ శాస్త్రానికి మన తీరంతో సంబంధం ఉంది. మన చావులతో కూడా ఉంది.

జెండా కొయ్య నుంచి

కథ 1864లో మొదలవుతుంది. ఆ ఏడు అక్టోబర్ 5న కలకత్తాను తుఫాను ముంచింది. నెల తిరక్కుండా నవంబర్ 1న మన బందరును ఉప్పెన తుడిచిపెట్టింది. బందరు చుట్టుపక్కల ముప్పై వేల మంది పోయారని అప్పటి లెక్క. మరుసటి ఏడే కలకత్తా ఓడరేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. ఆ తర్వాత 1866లోనూ 1871లోనూ వానలు మొహం చాటేశాయి. ఇన్ని దెబ్బలు తిన్నాక 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని మొదటి అధికారి.

రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేసే పద్ధతి ఆ కాలపు వారసత్వమే. పగలు శంఖువులు, పీపాల ఆకారాలు, రాత్రి ఎరుపు తెలుపు దీపాలు. నిజాంపట్నంలో మూడో నంబరు అంటే మన జాలర్లు వలలు సర్దుకుంటారు, పదో నంబరు అంటే ఊరు ఖాళీ చేస్తారు. పదకొండో నంబరు ఒకటుందని చాలామందికి తెలియదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం ప్రమాదంగా ఉందని స్థానిక అధికారి తన బుద్ధితో తాను నిర్ణయించుకున్నప్పుడు ఎగరేసేది అది. కబురు అందని పరిస్థితికి కూడా ఒక నంబరు కేటాయించిన ఆ పాతకాలపు వాళ్ల ముందుచూపును నేను మెచ్చుకుంటాను.

అయితే ఈ జెండాలన్నీ కనిపించిన దాన్ని చెప్పేవే. ఓడ నుంచి కబురు వస్తే, గాలి ఒత్తిడి పడిపోతే అప్పుడు ఎగరేసేవి. రాబోయేదాన్ని లెక్క కట్టాలన్న పట్టుదల ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది.

మొదలుపెట్టే అంకెలు

1904లో గిల్బర్ట్ వాకర్ అనే కేంబ్రిడ్జ్ గణితవేత్త మన వాతావరణ శాఖ పగ్గాలు పట్టాడు. ప్రపంచం నలుమూలల నుంచి ఒత్తిడి, వాన, ఉష్ణోగ్రతల పట్టీలు తెప్పించి, గుమాస్తాలను కూర్చోబెట్టి, ఏ ఊరి అంకె ఏ ఊరి అంకెతో కలిసి నడుస్తోందో వెతికించాడు. పసిఫిక్ మహాసముద్రంలో ఒత్తిడి ఒక పక్క పెరిగితే హిందూ మహాసముద్రం పక్క తగ్గుతుందని ఆ వెతుకులాటలోనే తేలింది. ఎక్కడో జరిగేది ఇక్కడి వానను శాసిస్తుందని తెలిసింది గాని, ఎందుకన్నది ఆయనకు అంతుపట్టలేదు.

ఎందుకన్న దానికి సమీకరణాలు ఉన్నాయని, వాటిని సాధిస్తే రేపటి గాలి తెలుస్తుందని నమ్మినవాడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా చేత్తో లెక్కలు వేశాడు. ఐరోపా పటాన్ని గడులుగా కోసి, 1910 మే 20న ఒక చోట ఆరు గంటల్లో ఒత్తిడి ఎంత మారాలో కట్టాడు. 145 మిల్లీబార్లు పెరగాలని జవాబు వచ్చింది. అంత మార్పు భూమ్మీద ఎక్కడా జరగదు. ఆ రోజు అక్కడ ఒత్తిడి దాదాపు కదల్లేదు కూడా. అయినా ఆయన సిగ్గుపడకుండా ఆ తప్పు లెక్కనే 1922లో పుస్తకంగా అచ్చువేశాడు. పెద్ద నాటకశాలలో 64,000 మందిని కూర్చోబెట్టి తలా ఒక గడి లెక్క చేయిస్తే వాతావరణంతో సమానంగా పరుగెత్తవచ్చని అందులోనే రాశాడు. సమీకరణాలు సరైనవేనని, తేడా ఆయన మొదలుపెట్టిన గాలి అంకెల్లో ఉందని చాలా ఏళ్ల తర్వాత తేలింది.

ఆ 64,000 మంది పని చేయడానికి యంత్రం వచ్చింది. 1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్‌లు ఎనియాక్ అనే కంప్యూటర్ మీద ఒక రోజు ముందు వాతావరణాన్ని కట్టారు. లెక్క తేలడానికీ దాదాపు ఒక రోజు పట్టింది!

యంత్రాలు పెరిగే కొద్దీ ఇక అంతా తెలిసిపోతుందన్న ఊపు వచ్చింది. ఆ ఊపుకు కళ్లెం వేసింది ఎడ్వర్డ్ లోరెంజ్. 1961లో ఆయన తన చిన్న కంప్యూటర్‌లో ఒక పాత లెక్కను మధ్యలోంచి మళ్లీ నడిపించాడు. యంత్రం లోపల ఉన్న అంకె 0.506127. అచ్చు కాగితం మీద ఉన్నది 0.506. ఆయన కాగితం చూసి 0.506 అని కొట్టి కాఫీకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి కొత్త వాతావరణం కాసేపు పాతదాని వెంటే నడిచి, ఆనక పూర్తిగా వేరే దారి పట్టి ఉంది. వెయ్యిలో ఒక వంతు కూడా లేని తేడా అంత పని చేసింది. 1963లో ఆయన ఈ సంగతిని పరిశోధన పత్రంగా వేశాడు. సమీకరణం ఒక్కటే అయినా, యంత్రం ఎంత పెద్దదైనా, మొదలుపెట్టే అంకెలో వెంట్రుకవాసి తేడా ఉంటే కొన్ని రోజుల తర్వాతి జవాబు మీద భరోసా ఉండదు. బంగాళాఖాతం లాంటి చోట, నడిసముద్రంలో కొలిచేవాడే లేని రోజుల్లో, ఆ తేడా వెంట్రుకవాసితో ఆగేది కాదు.

1977ను మళ్లీ నడిపించారు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన తెలుగువాడైన పంచేటి కోటేశ్వరం వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న కాలంలోనే 1974లో విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం వచ్చింది. 1970 నవంబర్‌లో నేటి బంగ్లాదేశ్ తీరంలో లక్షల మందిని మింగిన భోలా తుఫాను తర్వాత, పి.కె. దాస్ బంగాళాఖాతపు ఉప్పెనకు లెక్క కట్టే నమూనా తయారుచేసి 1972లో ప్రకటించారు. అంటే 1977 నాటికి దారి తెలుసు. ఆ దారి తీరగ్రామం దాకా రాలేదు.

ఆ ఉప్పెన లెక్క ఎట్లాంటిదో కొంచెం ఓపిగ్గా చూద్దాం. తుఫాను కేంద్రంలో గాలి ఒత్తిడి తగ్గితే అక్కడ సముద్రం పైకి లేస్తుంది. ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు. 70 మిల్లీబార్లు తగ్గిందనుకున్నా ముప్పావు మీటరు లేవదు. మరి దివిసీమలో దాదాపు 5 మీటర్లు ఎట్లా లేచింది? మిగతాదంతా గాలి తోసుకొచ్చిన నీరు. గాలి వేగం రెట్టింపైతే నీటి మీద తోపు నాలుగు రెట్లవుతుంది. సముద్రం లోతు సగమైతే అదే తోపుకు నీరు రెట్టింపు పేరుకుంటుంది. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. పైగా నిజాంపట్నం దగ్గర తీరరేఖ వంపు తిరిగి తూర్పుకు సాగుతుంది, వచ్చిన నీరు ఆ మూలలో చిక్కుకుంటుంది. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి, తుఫాను నడిచే దారికి కుడిపక్క గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది, ఎడమపక్క నేల మీంచి సముద్రంలోకి పోతుంది. 1977 తుఫాను నిజాంపట్నం పరిసరాల్లో తీరం దాటింది. కుడిపక్కన ఉన్నది దివిసీమ.

అధికార లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. గుంటూరు జిల్లా తీరగ్రామాలూ నష్టపోయాయి. ఇందులో ఏ ఒక్కటి వేరుగా ఉన్నా, అంటే గాలి, లోతు, వంపు, తుఫాను దాటిన చోటు, వీటిలో ఏది మారినా మృతుల జాబితా మారేది. తుఫాను దారి యాభై కిలోమీటర్లు తూర్పుకు జరిగి ఉంటే దివిసీమ ఎడమపక్కన పడేది. ముక్కలు విడివిడిగా తెలిసినా, అవి ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే తీరు తెలియకపోతే ఫలితం తెలియదు. సంక్లిష్ట వ్యవస్థ అని శాస్త్రజ్ఞులు అనేది దీన్నే.

1981లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్స్, మన దేశానికి చెందిన దూబే, మహంతి, సిన్హా కలిసి ఆ తుఫానును కంప్యూటర్‌లో మళ్లీ నడిపించి, ఉప్పెన నీటిమట్టాన్ని గణించి, బ్రిటన్ రాయల్ మెటియరలాజికల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. ఆ పత్రం పేరులోనే 1977 ఆంధ్ర తుఫాను ఉంది. ఢిల్లీ ఐఐటీలో ఈ మోడళ్లు ఎదిగి, వాతావరణ శాఖ వాడకంలోకి వచ్చాయి. ఇవాళ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ కూడా ఉప్పెన హెచ్చరికల్లో పాలుపంచుకుంటోంది. కొత్త మోడల్ తయారుచేసిన వాళ్లు దాన్ని సరిచూసుకోవడానికి ఎన్నోసార్లు వెనక్కి వెళ్లింది మన 1977కే. మన వాళ్ల చావులు ఆ విధంగా ఈ శాస్త్రానికి పరీక్షపేపరు అయ్యాయి. వినడానికి కటువుగా ఉన్నా సంగతి అంతే.

ఒక తుఫానుకు 21 దారులు

1990 మే 9న మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే పెద్ద తుఫాను తీరం దాటింది. గాలి తీవ్రతలో 1977కు తీసిపోనిది. మృతులు వెయ్యి లోపు. ఈ తేడాలో కంప్యూటర్ మోడళ్ల వాటా తక్కువే. 1983 నుంచి ఇన్సాట్ పంపుతున్న మేఘాల బొమ్మలు, తీరం వెంట రాడార్లు, 1977 తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లు, రేడియో, జనాన్ని ముందే తరలించిన యంత్రాంగం, వీటి వాటా ఎక్కువ.

మోడళ్ల అసలు మలుపు 1992లో వచ్చింది. లోరెంజ్ చెప్పిన ఇబ్బందిని దాచే బదులు, దాన్నే లెక్కలోకి తెచ్చారు. మొదలుపెట్టే అంకె సరిగ్గా తెలియదు కనుక, దాన్ని కాస్త అటూఇటూ మార్చి అదే లెక్కను పదులసార్లు నడపడం ఐరోపా, అమెరికా కేంద్రాలు ఆ ఏడాది మొదలుపెట్టాయి. 2018లో మన దేశంలోనూ 12 కిలోమీటర్ల గడులతో, ఒక్కో విడతకు 21 లెక్కలు నడిపే వ్యవస్థ వచ్చింది. ఇరవై ఒక్క దారులూ ఒక చోట గుమికూడితే అంచనా గట్టిదని, విసనకర్రలా విచ్చుకుంటే అనుమానం పెద్దదని అర్థం. ఒక రోజు ముందు చెప్పే తుఫాను దారిలో సగటు పొరపాటు 2000ల్లో వంద కిలోమీటర్లు దాటి ఉండేది, ఇప్పుడు వంద లోపుకు దిగింది. బాపట్లకూ బందరుకూ మధ్య గీత గీస్తే సుమారు 75 కిలోమీటర్లు. ఇంత సాధించాక కూడా, రేపు తీరం దాటేది బాపట్లా బందరా అన్నంత తేడా మిగిలే ఉంది.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. దారి అంచనా మొత్తం మీద బాగానే కుదిరింది. కోతకొచ్చిన వరి మాత్రం నీళ్లలో పడింది. ఎందుకంటే 12 కిలోమీటర్ల గడిలో చెరుకుపల్లీ చుట్టూ ఉన్న నాలుగైదు ఊళ్లూ కలిసి ఒక్కటే అంకె. ఏ మురుగు కాలవలో గుర్రపు డెక్క, తూటికాడ పేరుకుని నీరు వెనక్కి తంతుందో, ఏ రైతు పనలు ఇంకా చేలోనే ఉన్నాయో ఆ అంకెకు తెలియదు. ఉప్పెన లెక్క సముద్రం నుంచి వస్తుంది, ముంపు లెక్క మన కాలవ గట్టు మీద తేలుతుంది.

మన వంతు

ఇంతవరకు చెప్పిన చరిత్రలో నాకు కనపడే సారం ఒకటే. లెక్క తన అనుమానం ఎంతో తానే చెప్పడం నేర్చుకున్న రోజున అది నమ్మదగినది అయింది. మనమేమో ఇంకా, తుఫాను వస్తుందా రాదా, ఒక్క మాట చెప్పండి అంటున్నాం. రాకపోతే, పోయినసారీ ఇట్లాగే భయపెట్టారు అంటున్నాం.

ఒక చిన్న లెక్క చూడండి. ఎకరం పనలు కుప్ప వేసి పట్టాలు కప్పడానికి రెండు వేలు ఖర్చనుకుందాం. తడిసి మొలకెత్తితే ముప్పై వేలు నష్టమనుకుందాం. వాన వచ్చే అవకాశం నూటికి పది పాళ్లే అయినా, సగటున పోయేది మూడు వేలు. అంటే కప్పుకోవడమే లాభం. పదిసార్లలో తొమ్మిదిసార్లు వాన రాదు, ఆ తొమ్మిదిసార్లూ హెచ్చరిక తప్పు కాదు. అదే పది పాళ్లకు ఊరంతా ఖాళీ చేయమంటే కుదరదు. వేటకు పోయే జాలరికి ఐదు పాళ్లు చాలు, పడవ కట్టేయాలి. ఒకే అంకెకు ముగ్గురి నిర్ణయాలు మూడు. ఆ నిర్ణయం మోడల్ చేయలేదు.

అందుకని ఈ సభ నుంచి రెండు పనులు కోరుతున్నాను. ఊరూరా 1977లో, 1990లో, 2023లో నీరు ఎంత ఎత్తు వచ్చిందో, ఎన్నాళ్లు నిలిచిందో తెలిసిన వాళ్ల చేత గోడ మీద గీత గీయించి, తేదీ వేసి, పంచాయతీ పుస్తకంలో రాయించండి. మోడల్ తన తప్పొప్పులు దిద్దుకోవడానికి అట్లాంటి కొలతలు కావాలి, అవి మన దగ్గర తప్ప ఎక్కడా లేవు. రెండోది, హెచ్చరిక వచ్చినప్పుడు నూటికి ఎన్ని పాళ్లో అడగండి, అధికారులు ఆ అంకెను మైకులో చెప్పేలా పట్టుబట్టండి. బడి పిల్లలకు శాతాలు నేర్పేటప్పుడు వడ్డీ లెక్కతో పాటు పనల లెక్క కూడా చేయించండి. వచ్చే అక్టోబర్ లోపల ఈ రెండూ మొదలుపెట్టవచ్చు, వీటికి ఎవరి జీవో అక్కర్లేదు.