ముందు చూడాలి, తర్వాత తవ్వాలి

కలివికోడి పేరు విన్నారా? అది కడప జిల్లా లంకమల కంపల్లో రాత్రిళ్లు తిరిగే పిట్ట. 1900 తర్వాత చదువుకున్నవాళ్లకు కనబడలేదు. ఇక లేదనుకున్నారు. 1986లో పిట్టలు పట్టే ఊరాయన ఒకరు దాన్ని పట్టి చూపాడు.

రాత్రి పిట్టను వెతికేదెట్లా? కంపల మధ్య మెత్తని మన్ను పరిచారు. తెల్లారి కాలిగుర్తులు చూశారు. తెలుగుగంగ కాలువ ఆ కంపల్లోకి వచ్చినప్పుడు ఈ వెతుకులాటే పనికొచ్చింది. కాలువ దారి మళ్లించారు.

గాలిమరలకూ ఇదే మాట. సముద్రంలో గాలిమరలు పాతే దేశాల్లో ముందు పక్షులను, తిమింగలాలను లెక్కిస్తారు. రాయచోటి గుట్టల మీదా అంతే చేయాలి. ఏ గుట్టన ఏ పిట్ట గుడ్లు పెడుతుందో కట్టెలకు, మేకల వెంట పోయే మీకే తెలుసు. సర్వే వాళ్లొస్తే చెప్పండి. చెప్పింది రాశారో లేదో చదివి చూడండి.